బొగ్గు కరెంటు చవకా? బిల్లులో కనిపించని ఖర్చును లెక్కగట్టడం ఎలా

అడిగిన ప్రశ్న ఇది: "బొగ్గు, పెట్రోలు, గ్యాస్ చవక అంటారు. వాటివల్ల సమాజం మోసే ఖర్చు కూడా కలిపితే ఎంతవుతుంది? దాన్ని ఎలా లెక్కగడతారు? సౌర, పవన విద్యుత్తుకు మారితే ఆ ఖర్చు పోతుందా, ఇంకో రూపంలో తిరిగొస్తుందా?"

చివరి భాగానికి ముందే జవాబు చెప్పేస్తాను. చాలావరకు పోతుంది, అంతా పోదు, కొంత కొత్తగా వచ్చి చేరుతుంది. ఎంత పోతుందో, ఎంత చేరుతుందో తెలియాలంటే లెక్క ఎలా వేస్తారో చూడాలి.

వస్తువు తయారు చేసేవాడూ కొనేవాడూ కట్టకుండా, సంబంధం లేని మూడోవాడు కట్టే ఖర్చును బాహ్య వ్యయం అంటారు. 1920లోనే ఆర్థర్ పిగూ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త దీన్ని విడమరచి చెప్పి, ఆ మేరకు పన్ను వేయాలన్నాడు. వందేళ్లు దాటినా తగాదా అంతా "ఆ మేరకు" అన్న మాట దగ్గరే ఆగింది.

గాల్లో మాట్లాడటం కంటే ఒక కేంద్రాన్ని తీసుకుందాం. 500 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఏడాది పొడుగునా సగటున 80 శాతం లోడు మీద నడిస్తే 350 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కు అర కిలో బొగ్గు, అందులో 20 శాతం బూడిద అనుకుంటే, ఏడాదికి 17.5 లక్షల టన్నుల బొగ్గు కాలి 3.5 లక్షల టన్నుల బూడిద మిగులుతుంది. కార్బన్ డయాక్సైడ్ యూనిట్‌కు 0.95 కిలో చొప్పున 33 లక్షల టన్నులు. కూలింగ్ టవర్లలో ఆవిరైపోయే నీరు యూనిట్‌కు రెండున్నర లీటర్ల చొప్పున 875 కోట్ల లీటర్లు. బొగ్గు నాసిరకమైతే ఈ అంకెలన్నీ పైకి పోతాయి. బూడిద 40 శాతం ఉన్న బొగ్గు యూనిట్‌కు 0.7 కిలో దాకా కావాలి. అప్పుడు బూడిద రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడు రెట్లవుతుంది. ఎవరైనా "బొగ్గు కేంద్రం సామాజిక వ్యయం ఇంత" అని ఒకే అంకె చెబితే, ఏ బొగ్గు, ఏ వడపోత, చుట్టూ ఎంత జనం అని మూడు ప్రశ్నలు అడగండి.

ఆరోగ్య నష్టం లెక్క ఒక గొలుసులా సాగుతుంది. పొగగొట్టం నుంచి ఏది ఎంత వెలువడింది, గాలి దాన్ని ఎటు ఎంత దూరం మోసింది, అక్కడ ఎంతమంది ఎంత పీల్చారు, అంత పీలిస్తే జబ్బులూ మరణాలూ ఎంత పెరుగుతాయి, చివరగా దాని విలువ ఎంత. 1990లలో ఐరోపాలో స్థిరపడిన పద్ధతి ఇది. ఎక్కువమంది తప్పేది మొదటి రెండు మెట్లలోనే. కంటికి కనిపించే దుమ్మును మాత్రమే లెక్కేస్తారు. ఈఎస్‌పీ అనే విద్యుత్ వడపోత బూడిదలో 99 శాతానికి పైగా ఆపేస్తుంది, నిజమే. కానీ అది బరువు లెక్క. తప్పించుకునే కాస్తలో అతి సన్నని కణాలే ఎక్కువ, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేవీ అవే. ఇక సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వాయువులుగా బయటికొచ్చి, గాల్లో ప్రయాణిస్తూనే సల్ఫేటు, నైట్రేటు కణాలుగా మారతాయి. అవి దిగేది వందల కిలోమీటర్ల అవతల. కేంద్రం గేటు దగ్గర పెట్టిన మీటరు శుభ్రంగానే చూపిస్తుంది, దగ్గు ఇంకో జిల్లాలో మొదలవుతుంది. గొట్టం ఎత్తు పెంచితే దగ్గరి ఊరికి ఊరటే తప్ప మొత్తం తగ్గదు. సల్ఫర్‌ను నిజంగా పట్టాలంటే సున్నపురాయితో పొగను కడిగే ఎఫ్‌జీడీ కావాలి. అది 90 శాతానికి పైగా పట్టి జిప్సం చేస్తుంది, బదులుగా కేంద్రం కరెంటులో ఒకటి రెండు శాతం తినేస్తుంది, కొద్దిగా కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. శుభ్రతకూ ఒక ఖర్చుంటుంది, దాన్నీ పద్దులో రాయాలి.

ఎంతకాలం లెక్కపెట్టాం అన్నదీ జవాబును మార్చేస్తుంది. 1952 డిసెంబర్‌లో లండన్‌ను అయిదు రోజులు కమ్మిన బొగ్గు పొగమంచు వల్ల పోయినవాళ్లు 4,000 మంది అన్నారు. తరువాతి నెలల్లో కూడా మరణాలు మామూలు కంటే ఎక్కువగానే ఉంటే ఫ్లూ ఖాతాలో వేశారు. దశాబ్దాల తరువాత మళ్లీ లెక్కగడితే 12,000 దాకా తేలింది. పొగ మారలేదు, లెక్కపెట్టిన వారాలు మారాయి. ఏ మరణ ధ్రువపత్రం మీదా "బొగ్గు" అని ఉండదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు అని ఉంటుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత అందరి మీదా చెదిరిపోయి, ఎవరి మీదా నిలవదు.

ఐరోపా అధ్యయనాల ఆధారంగా ఎక్కువగా వాడే అంకె, బొగ్గు కరెంటు ప్రతి 100 కోట్ల యూనిట్లకు 24.6 మరణాలు. గని ప్రమాదాలు కొన్ని ఇందులో ఉన్నా, అత్యధికం గాలి వల్లే. మన లెక్కలోని కేంద్రానికి అది ఏడాదికి 86. చుట్టూ జనం దట్టంగా ఉండి, వడపోతలు సరిగా లేకపోతే ఇంకా ఎక్కువ. ఈ 86ను డబ్బులోకి మార్చే దగ్గర నాకు పేచీ ఉంది. ప్రాణహాని తగ్గించుకోవడానికి జనం ఎంత ఖర్చు పెట్టడానికి సిద్ధపడతారన్న దాన్నిబట్టి "గణాంక ప్రాణ విలువ" కడతారు. ఆదాయం తక్కువున్న దేశంలో ఆ విలువ తక్కువ వస్తుంది. అదే పొగ, అదే ఊపిరితిత్తి, కానీ పద్దులో పేదవాడి చావు చవక. అందుకే నివేదికల్లో మరణాల సంఖ్యను ముందు రాసి, డబ్బు అంకెను దాని పక్కన పెట్టడమే నిజాయితీ.

వాతావరణ నష్టం లెక్కలో మీట అంతా డిస్కౌంట్ రేటు చేతిలో ఉంది. రాబోయే నష్టాన్ని నేటి విలువలోకి మార్చేటప్పుడు ఏడాదికి ఎంత శాతం తగ్గించుకుంటూ రావాలన్నదే ఆ రేటు. వందేళ్ల తరువాత జరగబోయే 100 డాలర్ల నష్టం ఈ రోజుకు ఎంత? ఏడాదికి 2 శాతం రేటైతే దాదాపు 14 డాలర్లు, 3 శాతమైతే 5, 5 శాతమైతే ఒక డాలరు కూడా కాదు, 7 శాతమైతే దాదాపు 12 సెంట్లు. ఒక్క గడిలో అంకె మార్చితే మునిమనవల కష్టమంతా మాయమైపోతుంది. అమెరికాలో అదే జరిగింది. 2017 తరువాత దేశం లోపలి నష్టం మాత్రమే చూసి, 3, 7 శాతం రేట్లు వాడి, టన్ను కార్బన్ డయాక్సైడ్ నష్టాన్ని 1 నుంచి 7 డాలర్లన్నారు. 2021లో ప్రపంచం మొత్తం నష్టాన్ని తీసుకుని 51 డాలర్లన్నారు. 2023లో పర్యావరణ సంస్థ నమూనాలను నవీకరించి, రేటు 2 శాతానికి దించి 190 డాలర్లన్నది. వాతావరణం అంత వేగంగా మారలేదు, లెక్కగట్టేవాళ్ల అంగీకారాలు మారాయి.

మన కేంద్రానికి పెట్టి చూడండి. 51 చొప్పున ఏడాదికి 17 కోట్ల డాలర్లు, 190 చొప్పున 63 కోట్లు. యూనిట్‌కు విడగొడితే సుమారు 5 సెంట్లు, 18 సెంట్లు. 2023లో ప్రపంచవ్యాప్తంగా కొత్తగా కట్టిన పెద్ద సోలార్ కేంద్రాల సగటు ఉత్పత్తి ఖర్చు యూనిట్‌కు 4.4 సెంట్లని అంతర్జాతీయ పునరుత్పాదక శక్తి సంస్థ లెక్క. కింది అంకె తీసుకున్నా, బొగ్గు యూనిట్ వెనకున్న ఒక్క కార్బన్ నష్టమే సోలార్ యూనిట్ మొత్తం ఖర్చును దాటిపోతోంది. ఆరోగ్యం, నీరు, బూడిద ఇంకా కలపలేదు. అయితే ఈ 4.4 సెంట్లది పగటిపూట కరెంటు ధర. రాత్రి సంగతికి తరువాత వస్తాను.

ఎక్కువగా వినిపించే ఇంకో అంకె, శిలాజ ఇంధనాలకు ఏటా 7 లక్షల కోట్ల డాలర్ల సబ్సిడీ. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2022కు వేసిన లెక్క అది. వాడండి, కానీ లోపల ఏముందో తెలుసుకుని వాడండి. ప్రభుత్వాలు నేరుగా భరించినది అందులో 1.3 లక్షల కోట్లే. మిగతాది వసూలు చేయకుండా వదిలేసిన బాహ్య వ్యయం. గాలి కాలుష్యం, వాతావరణ నష్టం దానిలో పెద్ద భాగం. దాంతోపాటు ట్రాఫిక్ జామ్‌లు, రోడ్డు ప్రమాదాలు కూడా కలిపారు. ఎలక్ట్రిక్ కారు కూడా జామ్‌లో నిలబడుతుంది, మనిషిని గుద్దుతుంది. ఆ ముక్క ఇంధనం ఖాతాలోది కాదు, ఇంధనం మార్చితే పోదు. వాదనలో ఎదుటివాడు పట్టుకునేది సరిగ్గా ఈ ముక్కనే.

అందరూ మరిచే పద్దు ఇంకొకటుంది: మూసేశాక మిగిలేది. వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో 1966 అక్టోబర్ 21న గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వారిలో 116 మంది పిల్లలు. ఊరి మీద మిగిలిన గుట్టలు తీయించడానికి, బాధితుల కోసం ప్రజలిచ్చిన విరాళాల నిధి నుంచి లక్షన్నర పౌండ్లు కట్టించుకున్నారు. 1997లో గానీ ఆ సొమ్ము తిరిగివ్వలేదు, అదీ వడ్డీ లేకుండా. బాహ్య వ్యయం అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. 2008 డిసెంబర్‌లో అమెరికాలోని కింగ్‌స్టన్ కేంద్రం దగ్గర బూడిద చెరువు గట్టు తెగి, 40 లక్షల ఘనమీటర్లకు పైగా తడి బూడిద నదిలోకీ ఇళ్లమీదకీ పారింది. జర్మనీ రూర్ ప్రాంతంలో చివరి నల్లబొగ్గు గని 2018లో మూతపడింది. తవ్విన చోటల్లా నేల కుంగిపోవడంతో అక్కడ నీరు తోడే పంపులు మాత్రం ఆగడానికి వీల్లేదు. ఆపితే ఊళ్లు మునుగుతాయి. ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరే "నిత్య భారాలు". దానికోసం 2007లోనే ఒక ఫౌండేషన్ పెట్టి డబ్బు పక్కన పెట్టారు కాబట్టి సరిపోయింది. ఎక్కడైనా గనికో, చమురు బావికో అనుమతి ఇచ్చేటప్పుడు మూసివేత హామీ సొమ్మును మొదటి టన్ను తీయకముందే, నగదుగా, మూడో పక్షం దగ్గర కట్టించుకోవాలి. కంపెనీ ఆస్తుల విలువను హామీగా ఒప్పుకుంటే, గని ఖాళీ అయ్యే రోజుకు ఆ ఆస్తుల విలువా ఖాళీ అవుతుంది.

ఇక మారడం సంగతి. మొదట ఒక అపోహ తీసేయాలి. "ఇప్పుడు వాడుతున్న శక్తినంతా సౌర, పవన విద్యుత్తుతో ఇవ్వగలమా" అని అడుగుతారు. అంతా ఇవ్వనక్కర్లేదు. బొగ్గులోని వేడిలో కరెంటుగా మారేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. పెట్రోలు ఇంజన్ చక్రాలకు అందించేది 20 నుంచి 30 శాతం, ఎలక్ట్రిక్ బండి 80 శాతం పైన. బయటి వేడిని లోపలికి తోడే హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో మూడు నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. వృథా వేడిని మళ్లీ తయారు చేయాల్సిన పని లేదు.

పునరుత్పాదకాలకు మరకలు లేవని కాదు. పుట్టుక నుంచి పారవేత దాకా కలిపి యూనిట్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్, వాతావరణ మార్పుల అంతర్‌ప్రభుత్వ సంఘం 2014 నివేదికలో మధ్యస్థ విలువల ప్రకారం బొగ్గుకు 820 గ్రాములు (మన నమూనా కేంద్రం ఇంతకంటే ఎక్కువే వదులుతుంది), గ్యాస్‌కు 490, సోలార్‌కు 40 నుంచి 50, గాలిమరకు 11. మరణాల లెక్కలో 100 కోట్ల యూనిట్లకు సౌర, పవన రెండూ ఒకటిలో ఇరవయ్యో వంతు కూడా దాటవు. జలవిద్యుత్తుది 1.3. ఆ అంకె అంతా దాదాపు ఒక్క ఘటనదే: చైనాలో 1975లో తెగిన బాన్‌చియావ్ ఆనకట్ట.

ప్యానెళ్ల చెత్త గురించి ఎక్కువ భయపెడతారు. 2050 నాటికి మొత్తం పోగయ్యేది 7.8 కోట్ల టన్నుల దాకా ఉండొచ్చని 2016లో అంచనా వేశారు. ప్రపంచం కాల్చే బొగ్గు ఒక్క ఏడాదికే 800 కోట్ల టన్నుల పైన. పరిమాణం కంటే అసలు చిక్కు వేరే చోట ఉంది. ప్యానెల్ బరువులో నాలుగింట మూడొంతులు అద్దమే అయినా, సెల్‌నూ అద్దాన్నీ అతికించే ప్లాస్టిక్ పొర పాతికేళ్లు ఊడకూడదని చేసినది. ఊడదీయడం ఖరీదు, అందుకని పిండి కొట్టి తక్కువ ధరకు అమ్మేస్తారు, వెండి, సిలికాన్ పోతాయి. దీనికి మందు అమ్మేటప్పుడే రీసైక్లింగ్ రుసుము కలిపి వసూలు చేయడం. ఇంకా గట్టి ఆందోళన సరఫరాది. సోలార్ తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనాలోనే ఉందని 2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పింది. ఐతే చమురు ఆగితే బండి రేపే ఆగుతుంది, ప్యానెళ్లు ఆగితే ఉన్నవి పనిచేస్తూనే ఉంటాయి. రెండు ఆధారపడటాలూ ఒకటి కావు.

కొత్తగా వచ్చే నిజమైన ఖర్చు వేళ తప్పడంలో ఉంది. కరెంటులో సౌర వాటా పది, పదిహేను శాతం దాకా పెద్దగా ఇబ్బంది ఉండదు. అది దాటితే మధ్యాహ్నం కరెంటు మిగిలిపోయి ధర పడిపోతుంది, సూర్యాస్తమయంతో డిమాండ్ నిట్టనిలువుగా లేస్తుంది. ఆ లేపుడు కోసం థర్మల్ కేంద్రాలను పగలంతా కనిష్ఠ లోడు మీద ఉంచుతారు. దాంతో యూనిట్‌కు కాలే బొగ్గు పెరుగుతుంది, వేడెక్కుతూ చల్లారుతూ బాయిలర్ ట్యూబులు పగుళ్లిస్తాయి. ఇక్కడ చేసే తప్పు క్రమం తప్పడం. సోలార్ కేంద్రం ఏడాది రెండేళ్లలో లేస్తుంది, హైటెన్షన్ లైనుకు అయిదు నుంచి పదేళ్లు పడుతుంది. లైను ముందు మొదలుపెట్టకపోతే తయారైన కరెంటును ఆపేసి పరిహారం కట్టాలి. నిల్వలోనూ దేన్ని ఎక్కడ వాడాలో చూసుకోవాలి. బ్యాటరీ పెట్టిన దానిలో 85 నుంచి 90 శాతం తిరిగిస్తుంది, నీటిని ఎత్తుకు తోడి, దించేటప్పుడు కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ 75 నుంచి 80, హైడ్రోజన్‌గా మార్చి మళ్లీ కరెంటు చేస్తే 30 నుంచి 40. సాయంత్రం పూట నాలుగు గంటలపాటు కావాలంటే బ్యాటరీ, రాత్రంతా కావాలంటే పంప్డ్ స్టోరేజీ. హైడ్రోజన్‌ను ఎరువులకూ ఉక్కుకూ వదిలేయడమే మేలు.

2016 సెప్టెంబర్ 28న దక్షిణ ఆస్ట్రేలియా అంతా చీకటైనప్పుడు నింద గాలిమరల మీద పడింది. తుఫానుకు టవర్లు కూలి వోల్టేజీ వరసగా పడిపోయింది. అన్నిసార్లు తట్టుకోవద్దని గాలిమరల రక్షణ సెట్టింగులోనే రాసి ఉండటంతో కొన్ని కేంద్రాలు సెకన్లలో గ్రిడ్ నుంచి విడిపోయాయి. తరువాత ఆ సెట్టింగు మార్చారు. అనుసంధాన అనుమతి ఇచ్చేటప్పుడు చూడాల్సిన కాగితం అదే: వోల్టేజీ ఎంత పడితే, ఎన్నిసార్లు పడితే విడిపోతుంది.

ఆస్పత్రి, కాలేజీ, చిన్న కర్మాగారం స్థాయిలో మారాలంటే నెల బిల్లు చూసి ప్యానెళ్లు కొనకండి. మీటరు నుంచి పావుగంట వారీ లోడు ఏడాదిది తీసుకోండి. తెల్లవారుజామున మూడింటికి ఎంత వాడుతున్నారో చూస్తే వృథా అక్కడే బయటపడుతుంది. దాన్ని తగ్గించాక, నీటి పంపులు, వేడినీళ్ల వంటి పనులను మధ్యాహ్నానికి జరపండి. ఆ తరువాతే ప్యానెళ్లు, అన్నిటికంటే చివర బ్యాటరీ. ప్యానెల్ మీద రాసిన సామర్థ్యం 25 డిగ్రీల దగ్గరిది. ఎండలో సెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం తగ్గుతుంది. ప్యానెల్ ఒక మూల మీద గొట్టం నీడ పడినా, నీడ పడిన సెల్‌లను దాటించి కరెంటు పంపే బైపాస్ డయోడ్ ప్యానెల్‌లో మూడో వంతును పక్కన పెట్టేస్తుంది. వేర్వేరు కంపెనీల కనెక్టర్లు కలిపితే లోపల పట్టు వదులై వేడెక్కుతాయి. పైకప్పు మంటల్లో మొదట వెతకాల్సింది అక్కడే. బ్యాటరీకి ఒక నమూనా లెక్క: సాయంత్రం అయిదు గంటలపాటు 40 కిలోవాట్లు అంటే 200 యూనిట్లు. నిల్వలో 90 శాతం వరకే వాడి, బయటికొచ్చేటప్పుడు 5 శాతం పోతుందంటే 235 కావాలి. పదేళ్లకు సామర్థ్యం 80 శాతానికి దిగుతుంది కాబట్టి కొనాల్సింది దాదాపు 294. అమ్మేవాళ్లు 200 చాలంటారు.

ఖర్చును ధరలోకి తెచ్చే పన్ను విషయంలో ఆర్థికశాస్త్రం కంటే వరస ముఖ్యం. స్వీడన్ 1991 నుంచి కార్బన్ పన్ను వేస్తోంది, కానీ అదే సమయంలో ఆదాయపు పన్ను తగ్గించింది. ఫ్రాన్స్ 2018లో ఇంధన పన్ను పెంచబోతే, బస్సు లేని ఊళ్లవాళ్లు పసుపు జాకెట్లతో రోడ్డెక్కారు, పెంపు ఆగిపోయింది. కెనడాలో వసూలైన దాన్ని ఇళ్లకు తిరిగి పంచినా, పంపు దగ్గర పన్ను కనిపించినంతగా ఖాతాలో పడిన డబ్బు కనిపించలేదు. 2025 ఏప్రిల్‌లో వినియోగదారుల మీది పన్ను ఎత్తేశారు. తిరిగిచ్చే డబ్బు పన్ను కంటే ఒక నెల ముందు, విడిగా, పేరు పెట్టి రావాలి. గని ఊళ్ల విషయమూ ఇంతే. మూసే తేదీ పదేళ్ల ముందు తెలిస్తే కార్మికుల్లో చాలామంది పదవీ విరమణతోనే సర్దుకుంటారు. హఠాత్తుగా మూస్తే జీతాలతోపాటు పంచాయతీ ఆదాయం, దుకాణాలు, బడి అన్నీ ఒకేసారి కుప్పకూలతాయి.

బొగ్గు నుంచి గ్యాస్‌కు మారితే సగం పని అయినట్టే కదా అని కూడా అడుగుతుంటారు. కాల్చే చోట చూస్తే నిజమే, పొగ, బూడిద దాదాపు ఉండవు. కానీ కాలకుండా కారిపోయే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. బావి నుంచి బర్నర్ దాకా దారిలో దాదాపు 3 శాతం కారిపోతే, ఆ ఇరవై ఏళ్లలో బొగ్గు మీద ఉన్న లాభం కరిగిపోతుంది. కాబట్టి గ్యాస్ ప్రతిపాదన ఏదైనా ముందుకొస్తే లీకేజీ అంకె అడగండి. ఆ అంకె పరికరాలతో కొలిచినదా, లేక వాల్వుల సంఖ్యను ఒక ప్రామాణిక గుణకంతో హెచ్చవేసి రాసినదా అనీ అడగండి. రెండోదైతే, ఒక్క పాడైన వాల్వో, మిగులు గ్యాస్‌ను కాల్చేయాల్సిన ఫ్లేరు ఆరిపోయో వదిలే గ్యాస్ ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.